ఎవరూ అడగని రిపోర్టు

సాయంత్రం ఎండ తగ్గినాక మా కడపలో ఏడురోడ్ల వైపు నడిచిపోవడం నాకు అలవాటు. దారిలో ఒక మేడ దగ్గర కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. కింద గల్ఫ్ టికెట్లు అమ్మే అంగడి. కువైట్, ఖతార్, దుబాయ్, మస్కట్ అని అద్దం మీద ఎర్ర స్టిక్కర్లు. వాటి కింద పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్సు, అరబిక్ తర్జుమా అని చిన్న అక్షరాలు. పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి పోతే విదేశీ చదువుల కన్సల్టెన్సీ. దాని బోర్డు మీద నల్లగౌన్లు తొడుక్కుని టోపీలు గాల్లోకి విసిరే పిల్లలు, వాళ్ల వెనక లండన్ గడియార స్తంభం. కింద నిలబడేవాళ్ల చేతుల్లో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాలుంటాయి. పైకి పోయేవాళ్ల వీపున లాప్‌టాప్ సంచులుంటాయి. రెండు అంగళ్లలోనూ అమ్ముడయ్యేది దూరదేశమే. రెండింటికీ జనం తెచ్చేది, చాలావరకు, అప్పు సొమ్మే. మరి పై అంగడి నుంచి పోయేవాడికి వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టించి, కింది అంగడి నుంచి పోయేవాడిని తెల్లారకముందే మద్రాసు బస్సెక్కించి ఊరుకుంటామెందుకు? పెద్ద ప్రశ్నేం కాదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక కూడా వదలదు, అంతే.

ఈ తేడా బోర్డుల దగ్గర మొదలైంది కాదు, పాస్‌పోర్టులోనే ఉంది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని మూడక్షరాలుంటాయి. అవి ఉన్నవాళ్లు కువైట్, సౌదీ లాంటి దేశాలకు పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి ఉండాలి. 1983 నాటి చట్టం అట్లా చెప్తుంది. ఇంటిపనికి పోయే ఆడవాళ్లకయితే ముప్పై ఏళ్లు నిండాలన్న నియమం కూడా ఉంది. వాళ్లను కాపాడేందుకే ఇదంతా, కాదనను. ఏజెంటు చేతిలో మోసపోయి ఎడారిలో గొర్రెలు కాసినవాళ్ల కథలు రాయచోటి, రాజంపేట వైపు ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. కానీ పదో తరగతి దగ్గర గీసిన ఆ గీత ఇంకొక పని కూడా చేస్తుంది. ఎవరి ప్రయాణం చదువో, ఎవరిది కాదో విమానం ఎక్కకముందే తేల్చేస్తుంది. ఆ మూడక్షరాలున్న మనిషి పరదేశంలో ఇరవై ఏళ్లుండి తిరిగొచ్చినా, ఏం తెచ్చినావు అని అడుగుతాం గానీ ఏం తెలుసుకున్నావు అని అడగం. నేనూ ఈ మధ్యదాకా ఎవరినీ అడిగిన గుర్తు లేదు. కాలేజీలో వాణిజ్య శాస్త్రం చెప్పుకుని రిటైరైనవాణ్ని, విదేశీ వర్తకం మీద నోట్సులు రాయించినవాణ్ని!

ఈ గొడవంతా నా మనసులోకి తెచ్చిపెట్టింది మా తమ్ముడి కూతురు. బెంగుళూరులో ఎంబీఏ చదువుతోంది. వాళ్ల కోర్సులో ఒక భాగంగా దుబాయ్ తీసుకుపోయినారు, అక్కడి వ్యాపారాన్నీ సంస్కృతినీ చూసి రావడానికి. ఖర్చు ఫీజుతో పాటే కట్టించుకున్నారు. జెబెల్ అలీ రేవు చూపించారు. 1979లో ఇసుకదిబ్బల మధ్య కట్టిన ఆ రేవు ఇప్పుడు ఎంత సరుకు దించుతుందో ఒకాయన తెర మీద బొమ్మలేసి చెప్పాడట. ఒక ఫ్రీ జోన్‌లో మధ్యాహ్నం భోజనం, దేరా పేటలో బంగారం బజారు, క్రీకు దాటడానికి చెక్కపడవ, ఒక రాత్రి ఎడారిలో ఒంటె సవారీ. తిరిగొచ్చాక రిపోర్టు రాయాలి. దానికి చట్రం కూడా వాళ్లే ఇచ్చారు: హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పండితుడు ఐబీఎం ఉద్యోగుల దగ్గర 1967 నుంచి 1973 దాకా సేకరించిన జవాబులతో దేశాల సంస్కృతిని కొలిచిన లెక్కలు. పెద్దకూ చిన్నకూ మధ్య ఎంత దూరం, మనిషికి తాను ముఖ్యమా తన గుంపు ముఖ్యమా, ఇట్లా. సంక్రాంతి సెలవులకు వచ్చి నా దగ్గర కూర్చుని, “పెదనాయనా, అన్నీ రాసేసినా, కానీ నేను రాసిందంతా నేను పోకముందే నెట్‌లో ఉంది” అంది. ఆ మాటలో సిగ్గు కంటే చిరాకే ఎక్కువ వినబడింది. దుబాయ్‌లో ఎవరితో మాట్లాడినావమ్మా అని అడిగితే, కాసేపు ఆలోచించి, బస్సు డ్రైవరుతో, అది కూడా ఏసీ తగ్గించమని, అంది.

మా వీధి చివర టీ అంగడి పెట్టుకున్నాయన ఓబులవారిపల్లె వైపు మనిషి. వయసులో ఉండగా మంగంపేటలో బెరైటీస్ లారీలకెత్తే పని చేసి, తర్వాత కువైట్ పోయి ఒక అరబ్బు ఇంట్లో కుదిరాడు. పోయింది ఇంటి పని వీసా మీద. అక్కడ చేసింది ఎక్కువభాగం దీవానియాలో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోయడం. కువైట్ ఇళ్లలో మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే చావడి లాంటిది దీవానియా. గోడల చుట్టూ మెత్తలు, బయట చెప్పుల వరస. ఊళ్లో పెళ్లి కుదిరేదీ, టెండరు ఎవరికి పోవాలో తేలేదీ, ఎన్నికల్లో ఎవరు నిలబడాలో నిర్ణయమయ్యేదీ అక్కడే. మా కాలేజీ లైబ్రరీలో దీవానియా గురించి నాకెప్పుడూ ఒక్క వాక్యం దొరకలేదు. ఈయన దాంట్లో ఏళ్ల తరబడి నిలబడి ఉన్నాడు, చేతిలో దల్లా అనే ఇత్తడి కాఫీ కూజా పట్టుకుని. “దల్లా ఎడమచేత, గిన్నె కుడిచేత సార్. నిండా పోయకూడదు, పోస్తే తాగి లేచిపొమ్మన్నట్టు. చాలనుకున్నోడు గిన్నెను ఇట్లా ఆడిస్తాడు. ఆడియకుండా ఇస్తే మళ్లా పోయాల్సిందే” అని గాజు గ్లాసు పట్టుకుని చూపించాడు. అక్కడ ఏం నేర్చుకున్నావని అడిగితే మాత్రం నవ్వేశాడు. “నేర్చుకునేదానికి పొయినామా సార్? అప్పు తీర్చేదానికి పొయినాం.”

ఈ జవాబు నన్ను చాలా దూరం తిప్పింది. అప్పు తీర్చడానికి పోయినవాడిని విద్యార్థి అనకూడదా? అట్లా అనుకుంటే మన జిల్లాల చరిత్రలో అందరికంటే పేరున్న పరదేశి ఎవరు? థామస్ మన్రో. గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియా పొగాకు వ్యాపారి. అమెరికా వాళ్లు ఇంగ్లండు మీద తిరగబడ్డాక ఆ వ్యాపారం మునిగింది, దాంతో పాటు ఇల్లూ. విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఒక వర్తకుడి కొట్లో లెక్కలు రాసుకుంటున్న కొడుకు కంపెనీ సైన్యంలో చిన్న కొలువు వెతుక్కుని 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇక్కడి నుంచి ఇంటికి డబ్బు పంపేవాడు. తర్వాత కలెక్టరయ్యాడు, 1800 నుంచి 1807 దాకా కడప, బళ్లారి, అనంతపురం సీమల్లో గుడారాలు మోయించుకుంటూ ఊరూరూ తిరిగి పొలాలు కొలిపించాడు, గవర్నరయ్యాడు, 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్న ఇళ్లున్నాయి మన దగ్గర. ఆ మొదటి రోజును చూస్తే ఏముంది? తండ్రి దివాలా తీసిన ఇంటినుంచి ఒక కుర్రవాడు ఓడెక్కాడు. ఆనాటి గ్లాస్గోలో మన మేడ ఉంటే అతను కింది అంగడి దగ్గరే నిలబడి ఉండేవాడు. అయితే ఇంత పోలిక తెచ్చి ఊరుకుంటే అది మోసమవుతుంది. మన్రో వెనక కంపెనీ తుపాకులున్నాయి. టీ అంగడాయన పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. ఇద్దరూ దేశభాష నేర్చుకున్నారు, ఇద్దరూ ఇంటికి డబ్బు పంపారు. కానీ ఒకడు నేర్చుకున్నది పన్నుల పద్ధతిగా మారి మన తాతముత్తాతల పొలాల మీద కూర్చుంది. రెండోవాడు నేర్చుకున్నది గాజు గ్లాసు దగ్గర ఆగిపోయింది.

రాయలసీమకు వ్యాపారానికి వచ్చినవాళ్లలో నాకు బాగా ఇష్టమైనవాడు తావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు. 1652లో గండికోటకు వచ్చాడు, మీర్ జుమ్లాకు ముత్యాలు చూపించడానికి. మీర్ జుమ్లా కూడా ఇక్కడివాడేం కాదు. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పుట్టి, వర్తకుల వెంట గోల్కొండ చేరి, వజ్రాల లెక్కల్లో ఆరితేరి మంత్రి అయ్యాడు. అంటే పెన్న లోయ అంచున, ఇప్పుడు మనం సెల్ఫీలు తీసుకునే ఆ రాళ్ల మధ్య, బతుకుదెరువుకు వచ్చిన ఒక పరదేశి ఇంకో పరదేశితో బేరమాడాడు. మీర్ జుమ్లా తన గుడారంలో చెప్పుల్లేని కాళ్లతో కూర్చుని, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ చీటీలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి గుమస్తాల చేత జవాబు రాయిస్తూ ఉండటం తావెర్నియే చూశాడు. ఆఫీసు పని ఎట్లా నడుస్తుందో ఇంతకంటే బాగా చెప్పిన రిపోర్టు నేను చదవలేదు. మేనేజ్‌మెంటు పుస్తకాల్లో కాలివేళ్ల ప్రస్తావన ఉండదు.

అంతకంటే గొప్ప బొమ్మ ఆయన వజ్రాల గనుల ఊరి గురించి రాసినచోట ఉంది. రావుల్‌కొండ అని రాసుకున్న ఆ ఊరు కర్నూలు దగ్గరి మన రామళ్లకోటేనని 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ అన్నాడు. కాదు, రాయచూరు వైపు అన్నవాళ్లూ ఉన్నారు. నాకు రామళ్లకోట అనుకోవడమే ఇష్టం. ఇష్టం సాక్ష్యం కాదని తెలుసు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు పొద్దున్నే ఊరి నడుమ చెట్టు దగ్గర చేరేవాళ్లట. ఒక్కొక్కడి నడుముకు ఒకవైపు వజ్రాల తూకపు గుళ్లు, ఇంకోవైపు వరహాల సంచి. ఎవరైనా రాయి తెస్తే అందరిలో పెద్దవాడి చేతికిస్తాడు. అతను చూసి పక్కవాడికి, వాడు ఇంకొకడికి, అట్లా చుట్టూ తిరిగి మళ్లీ పెద్దవాడికి చేరేదాకా ఎవరూ నోరు మెదపరు. అప్పుడు పెద్దవాడు ధర అడుగుతాడు. ఎక్కువ పెట్టి కొంటే ఆ నష్టం వాడిదే. సాయంత్రం రాళ్లన్నీ ముందేసుకుని నీరు, బరువు, నిగ్గు చూసి వేరుచేస్తారు, ఎంతకు అమ్మవచ్చో లెక్కగడతారు, పెద్ద వర్తకులకు అమ్మి లాభం పంచుకుంటారు. నాయకుడైన పిల్లవాడికి అందరికంటే నూటికి పావలా వంతు ఎక్కువ. పెద్దల బేరాలు ఇంకో తీరు. ఎదురెదురుగా కూర్చుని నడికట్టు గుడ్డ చాటున చేతులు కలుపుతారు. చెయ్యంతా పట్టి నొక్కితే వెయ్యి, ఒక వేలు పడితే నూరు, వేలి నడిమి కణుపు దాకా అయితే యాభై, కొస కణుపయితే పది. చుట్టూ జనం ఉన్నా ధర ఎవరికీ తెలియదు. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని ఎద్దుల బేరం చేసినవాళ్లను చూసిన మా తరానికి ఇది చదువుతుంటే ఎక్కడో చదివినట్టు ఉండదు, మనిల్లే ఎవరో వచ్చి చూసి పోయినట్టు ఉంటుంది.

ఆ పిల్లల పేర్లు తావెర్నియే రాయలేదు. ఏ కులమో, ఏ ఇంటివాళ్లో, వాళ్లకు ఈ విద్య ఎవరు చెప్పారో తెలియదు. ఆయన మాత్రం ఫ్రాన్సు తిరిగిపోయి, పద్నాలుగో లూయీకి వజ్రాలమ్మి, జమీను కొనుక్కుని, 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేయించాడు. నాకెప్పుడూ ఒక అనుమానం: ఆ చెట్టు దగ్గర విద్యార్థి ఎవరు? నడివయసు తావెర్నియేనా, పన్నెండేళ్ల కుర్రవాళ్లా? నేర్చుకున్నది ఆయనే. నేర్పింది వాళ్లు, నేర్పుతున్నామని తెలియకుండానే. మొదటి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని ఏటా పేపర్లో చూస్తాం. ఇప్పుడు చెట్టు కింద పిల్లలు లేరు, మోటారు సైకిళ్ల మీద దళారులుంటారు. ధర మాత్రం ఇప్పటికీ బయటికి పొక్కదు.

కడపలో ఉంటూ బ్రౌన్ దొర మాట ఎత్తకుండా ఈ సంగతి ముగించడం కష్టం. ఆయనా ఒకరకంగా చదువు కోసం పరదేశం వచ్చిన కుర్రవాడే. ఇంకా చెప్పాలంటే చదివి తీరాల్సిన కుర్రవాడు. కంపెనీ తన గుమస్తాలకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో కాలేజీ పెట్టింది, పరీక్ష గట్టెక్కితేనే పైకి పోవడం. 1817లో దిగిన బ్రౌన్ మద్రాసులో తెలుగు మొదలుపెట్టి 1820లో కడపకు వచ్చాడు. ఆ తర్వాత పరీక్షల అవసరం తీరిపోయినా చదువు ఆగలేదు. ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చుకిచ్చాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టింది. అక్కడ కూర్చున్నప్పుడు నాకు బ్రౌన్ కంటే ఆ పండితులే ఎక్కువగా గుర్తొస్తారు. జీతానికి వచ్చి, దొరకు ఒక్కొక్క పద్యం విడదీసి చెప్పి, సాయంత్రానికి ఇంటికి పోయి వాళ్లేమనుకునేవాళ్లు? దొర అడిగిన వెర్రి ప్రశ్నలు చెప్పి ఇంట్లో నవ్వుకునేవాళ్లా? నవ్వుకునే ఉంటారు. నవ్వకుండా జీతం కోసం పాఠం చెప్పిన పంతుల్ని నేనెరగను.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే ఒక సందేహం వస్తోంది. అవసరం నేర్పినట్టు యాత్ర నేర్పదని తీర్పు చెప్పబోతున్నానా? మనిషికి అవసరం ఉంటేనే కళ్లు తెరుచుకుంటాయన్నది నిజమైతే, గల్ఫ్ పోయినవాళ్లంతా పండితులై రావాలి. చాలామంది ఒక వంటగది తప్ప దేశంలో ఏదీ చూడకుండానే తిరిగొస్తారు. యజమాని గడప, సూపర్ బజారు, విమానాశ్రయం, అంతే వాళ్ల కువైట్. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో జొరబడినప్పుడు రాజంపేట, కోడూరు ఇళ్లల్లో అన్నం వండుకోని రోజులు నాకు గుర్తున్నాయి. రేడియో చుట్టూ మూగేవాళ్లం. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో వరసలో నిలబడి, ఎయిరిండియా విమానాల్లో బొంబాయిలో దిగారు జనం. దేశం మొత్తం మీద లక్షా డెబ్బై వేల మందికి పైగా, దాదాపు ఐదొందల విమానాల్లో. అట్లా వచ్చినవాళ్లను అప్పట్లో చూడటానికి పోయాను. యుద్ధం గురించి, జోర్డాన్ గురించి ఏదో చెప్తారనుకున్నాను. వాళ్లు చెప్పిందల్లా బ్యాంకులో ఉండిపోయిన జీతం గురించే. అంత భయం అంత దూరం వెంటాడినప్పుడు చుట్టూ చూడమని ఎవరిని అడుగుతాం? అవసరం కళ్లు తెరిపిస్తుంది, గంతలు కూడా కడుతుంది.

ఊరికే చూసి రావడంలోనూ ఒక విలువ ఉందేమో. 2023 సెప్టెంబర్‌లో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల నుంచి పదిమంది పిల్లలను న్యూయార్క్‌లోని ఐక్యరాజ్య సమితికి తీసుకుపోయారు. ఆదోని కస్తూర్బా విద్యాలయం నుంచి కూడా ఒకరున్నారు అందులో. ఆదోని, మంత్రాలయం పల్లెల పిల్లలకు తెలిసిన దూరప్రయాణం ఏది? సుగ్గికి అమ్మానాన్నల వెంట గుంటూరు మిరప చేలకు పోయే ప్రయాణం. దానికి రిపోర్టూ లేదు, మార్కులూ లేవు, పైగా హాజరు పోతుంది. అట్లాంటి చోటినుంచి ఒక పిల్ల అంత ఎత్తు భవనం మెట్లెక్కి వస్తే, అది బస్సు కిటికీలోంచి చూసిన దేశమే కావచ్చు, చూసింది కదా! ఆ విలువను నేను ఏ తక్కెడలో వేసేది? మా పిల్ల దుబాయ్ యాత్రను ఎగతాళి చేసినంత తేలిగ్గా దీన్ని చేయలేను. చేయలేకపోవడానికి కారణం పేదరికం మీద జాలి మాత్రమే అయితే, అది కూడా మంచి కారణం కాదు.

సెలవులు అయిపోయేలోపు ఒక సాయంత్రం మా పిల్లను టీ అంగడికి తీసుకుపోయాను. మొదట ఇద్దరూ బిగుసుకున్నారు. దుబాయ్ మాట ఎత్తగానే ఆయన ముఖం విచ్చుకుంది. తాను ఎప్పుడూ దుబాయ్ పోలేదట, విమానం మారేటప్పుడు అద్దంలోంచి చూశాడట. “అంకుల్, దీవానియాలో బిజినెస్ ఎట్లా మాట్లాడతారు?” అని అడిగింది. “మాట్లాడరు పాపా. వచ్చినోడు ముందు వానల గురించి అడుగుతాడు, ఒంటెల గురించి అడుగుతాడు, ఎవురి కొడుక్కు పెండ్లో అడుగుతాడు. దుడ్ల మాట వచ్చేది లేచి చెప్పులేసుకునేటప్పుడే. ఆడ రెండు మాటలు, అయిపోతాది. ముందే దుడ్ల మాట ఎత్తినోడికి ఆ ఇంట్లో పని కాదు.” ఎవరు పెద్దవాడో ఎట్లా తెలిసేదని అడిగితే, “గహ్వా ముందు ఎవురికి పోయాల్నో సేఠు కంటితో చెప్తాడు. వయసులో పెద్దోడొకడుంటాడు, మంత్రిగారి అల్లుడొకడుంటాడు. ఆ కన్ను ఎటు తిరిగితే ఆ పొద్దు లెక్క అటు” అన్నాడు. మా పిల్ల ఫోను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడాయన అడగడం మొదలైంది. “యాపారం జూపిచ్చినారంటివి గదా, సోనాపూర్ జూపిచ్చినారా?” పేరు వినగానే అదేదో నగల బజారనుకుంది. దుబాయ్‌లో కూలీల క్యాంపులుండే చోటు అది. ఆ పొడవాటి భవనాలన్నీ కట్టినవాళ్లు ఒక్కో గదిలో ఆరుగురూ ఎనిమిదిమందీ పడుకునే చోటు. ఆయన తోడల్లుడు అక్కడ ఉన్నాడట. లేదన్నట్టు తలూపింది. ఆయన దాన్ని పొడిగించలేదు, వెంటనే అసలు సంగతికి వచ్చాడు. కూతురు బీటెక్ ఆఖరి సంవత్సరం. లండన్ వైపు పంపాలనుకుంటున్నాడు, బ్యాంకు లోనుకు ఊళ్లో ఉన్న రెండెకరాల మామిడితోట కాగితాలు తీసిపెట్టాడు. “వారానికి ఇరవై గంటలే పని చేయనిస్తారంట, నిజమేనా? గంటకెంతిస్తారు? హోటల్లో గిన్నెలు కడిగే పని అయితే తిండి వాళ్లదేనా?” ఒక్కొక్క ప్రశ్నా సూటిగా, లెక్క ప్రకారం. మా పిల్లకు తెలిసింది ఇరవై గంటల నియమం వరకే. గిన్నెలు కడిగే పనిలో తిండి ఎవరిదన్నది ఏ సిలబస్‌లోనూ లేదు. పై అంగడి బోర్డు మీద టోపీలు విసిరే పిల్లల్లో ఎంతమంది రాత్రి పదికి కంచాలు తుడుస్తుంటారో ఆయన ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. “పాస్‌పోర్టు మాత్రం ఎవురి చేతికీ ఇయ్యొద్దని చెప్పినా మా పాపకు. కాలేజీ వాళ్లడిగినా సరే, జెరాక్సే ఇయ్యమన్న్యా” అన్నాడు. అక్కడ కాలేజీలు పాస్‌పోర్టు పట్టుకోవని మా పిల్ల నచ్చజెప్పబోయింది. ఆయన వినలేదు. అది ఆయన చదువుకున్న పాఠం, పరీక్ష కూడా రాశాడు.

వచ్చే ముందు మంగంపేట మాట వచ్చింది. మేము పోకముందే మా రాయి పోయింది సార్ ఆడికి, అన్నాడు. నిజమే. ప్రపంచంలో ఒకేచోట ఉన్న బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేటది చాలా పెద్దది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్విస్తుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువుండే ఆ రాయిని మెత్తగా పొడిచేసి, చమురు బావి తవ్వేటప్పుడు బురదలో కలిపి లోపలికి పంపుతారు. కిందినుంచి ఎగదన్నే గ్యాసునూ నూనెనూ అణిచిపెట్టేది ఆ బురద బరువే. సాంద్రత 4.2 ఉంటే ఒక ధర, తగ్గితే ఇంకో ధర. కువైట్‌లో బుర్గాన్ బావి 1938లో పడింది. ఆ నూనె డబ్బుతో కట్టిన ఇళ్లల్లో పనికి మన మనుషులు పోయారు, ఆ నూనె తీసే బావుల్లోకి మన రాయి పోయింది. ఒకే మండలం నుంచి రెండూ. యువకుడిగా ఆయన లారీకెత్తిన రాళ్లలో ఏదో ఒకటి ఆ దేశాల్లో ఏదో ఒక బావి అడుగున ఉండే ఉంటుంది. ఆయన ఈ మాట గొప్పగా చెప్పలేదు. టన్నుకు అప్పట్లో ఎత్తుకూలి ఎంతిచ్చేవాళ్లో చెప్పి, అది ఎంత తక్కువో రెండుసార్లు చెప్పాడు.

బెంగుళూరు పోయాక మా పిల్ల ఫోన్ చేసింది. వచ్చే సెమిస్టరు ప్రాజెక్టుకు ఓబులవారిపల్లెను తీసుకుంటానని అడిగిందట: రాయికి ధర ఎవరు కడతారు, మనిషికి ధర ఎవరు కడతారు, రెంటిలో దళారీ వాటా ఎంత. విషయం బాగుంది గానీ ఇది ఇంటర్నేషనల్ బిజినెస్ కిందికి రాదు, రూరల్ మార్కెటింగ్ వాళ్ల దగ్గరికి పో అన్నారట. వాళ్ల దగ్గరికి పోతే ఇక్కడ మార్కెటింగ్ ఏముందన్నారట. రాయి దిగే రేవుల పేర్లూ, మనుషులు దిగే విమానాశ్రయాల పేర్లూ ఒక కాగితం మీద రాసి మళ్లీ ఇచ్చి చూడమన్నాను. ఇచ్చింది. ఇంతలో టీ అంగడాయన నంబరు కావాలంటే పంపించాను, ఆయన తోడల్లుడి నంబరు కూడా. సోనాపూర్‌లో శుక్రవారం ఒక్కరోజే మాట్లాడటానికి కుదురుతుందట.